మోటారు సంగతి తర్వాత, ముందు సైకిలు చూడండి



మన హాస్టల్ సంచికలో చదువు గురించి, ఉద్యోగాల గురించి, మెస్ ఛార్జీల గురించి, మన హక్కుల గురించి ఎన్నో వ్యాసాలొచ్చాయి. సైకిలు గురించి వచ్చింది తక్కువ. కానీ మనలో ఎక్కువమంది ఊరి నుంచి ట్రంకు పెట్టెతో ఈ హాస్టల్‌కు చేరింది నాన్న తొక్కే సైకిలు క్యారియర్ మీదే. హైస్కూలుకైనా, జూనియర్ కాలేజీకైనా, ఆదివారం ఇంటికైనా మనల్ని మోసింది సైకిలే. కాబట్టి ఈ సంచికలో నాలుగు పేజీలు సైకిలుకు ఇవ్వడం న్యాయమే అనుకుంటున్నాం.

ఈ మధ్య సెలవుల్లో మమ్మల్ని కలిసిన తమ్ముళ్ళు తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, సైకిలుకు మోటారు బిగించాలనుకుంటున్నాం. ఏ మోటారు కొనమంటారు?" ఫోనులో వీడియోలు చూసి కొందరికి ఈ కోరిక పుట్టింది. కాలేజీ ఎనిమిది, పది కిలోమీటర్ల దూరంలో ఉండి, బస్సు వేళకు రాక, క్లాసులు పోగొట్టుకుని కొందరికి పుట్టింది. మేము ఈ హాస్టల్లోనే చదివి ఐటిఐ, పాలిటెక్నిక్ దారి పట్టినవాళ్ళం. మాలో ఫిట్టర్లున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, సైకిల్ షాపు పెట్టుకుని బతుకుతున్నవాళ్ళూ ఉన్నారు. మాకు తెలిసినంతలో ఆ ప్రశ్నకు మా జవాబు ఇంకో ప్రశ్నే. "ఏ సైకిలుకు?"

మోటారు ఎంచుకోవడం తేలిక. డబ్బు తీసుకెళితే దుకాణం వాడే ఎంచిపెడతాడు. సైకిలు మాత్రం మనమే ఎంచుకోవాలి. మొదటిసారి మోటారు బిగించేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఉన్న డబ్బంతా మోటారుకూ బ్యాటరీకీ పెట్టి, చేతికందిన సైకిలుకు తగిలించేస్తారు. మా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదట సైకిలు, అందులోనూ మొదట బ్రేకు, ఆ తర్వాత ఫ్రేము, ఆ తర్వాత చక్రం. ఈ మూడూ సరిపడ్డాకనే మోటారు మాట.

ఈ కోరికను వెక్కిరించే పెద్దలు ఉంటారు. "చదువుకోమని పంపితే మోటార్లు బిగిస్తారా?" అంటారు. మేము అలా అనం. పుస్తకంలో చదివిన వోల్టు, ఆంపియరు, టార్కు చేతికి తగిలేది ఇలాంటి పనిలోనే. పైగా మోటారు బిగించిన సైకిలు మన దేశానికి కొత్త కాదు. తిరుపతిలో తయారైన సువేగ మన పెద్దలకు బాగా గుర్తు. 1972లో కైనెటిక్ వాళ్ళ లూనా వచ్చింది. 1980లో టీవీయస్ 50 వచ్చింది. మోపెడ్ అన్న పేరులోనే మోటారూ పెడలూ కలిసి ఉన్నాయి. అయితే ఒక్క విషయం గమనించండి. వాటిని తయారుచేసిన ఇంజనీర్లు మామూలు సైకిలు తెచ్చి ఇంజను తగిలించలేదు. ఫ్రేము గట్టిది చేశారు, చక్రం చిన్నది చేసి టైరు లావు చేశారు, రబ్బరు ముక్కల బ్రేకులు తీసేసి డ్రమ్ము బ్రేకులు పెట్టారు. అంటే మోటారుకు తగిన సైకిలును ముందు తయారుచేసుకున్నారు. ఫ్యాక్టరీ ఉన్నవాళ్ళే అంత జాగ్రత్త పడితే, స్పానరు ఒక్కటే ఉన్న మనం ఎంత జాగ్రత్త పడాలి?

లెక్క చూద్దాం. తొమ్మిదో తరగతిలో గతిజ శక్తి పాఠం చదివారు కదా. వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మామూలుగా మనం సైకిలు తొక్కేది గంటకు 12, 13 కిలోమీటర్ల వేగంతో. మోటారు బిగిస్తే 25 కిలోమీటర్లు వస్తుంది. అంటే ఆ సైకిలును ఆపడానికి అవే రబ్బరు ముక్కలు నాలుగింతల పని చేయాలి. 25 కిలోమీటర్ల వేగంలో సైకిలు సెకనుకు దాదాపు 7 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె అడ్డం వచ్చిందని మన మెదడుకు తెలిసి, చెయ్యి బ్రేకు మీద పడేలోగా ఒక సెకను గడిచిందనుకోండి, బ్రేకు పట్టకముందే 7 మీటర్లు పోయాం. దీనికి తోడు మోటారు, బ్యాటరీ కలిపి ఆరేడు కిలోల బరువు. క్యారియర్ మీద స్నేహితుడు ఎక్కితే ఇంకో యాభై కిలోలు. ఈ లెక్క ముందు పెట్టుకుని, మనకు అందుబాటులో ఉండే సైకిళ్ళను ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది నాన్న సైకిలు. 28 అంగుళాల చక్రాలు, నల్ల రంగు, రాడ్ బ్రేకులు, వెనుక వెడల్పాటి క్యారియర్. పాల క్యాను, గడ్డి మోపు, ఎరువు బస్తా ఏది వేసినా మోసింది. ఇంత గట్టి సైకిలు ఇంకోటి లేదు కాబట్టి మోటారుకు ఇదే మంచిదని చాలామంది అనుకుంటారు. ఫ్రేము గట్టిదే, సందేహం లేదు. కష్టమంతా మిగతా చోట్ల ఉంది. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపు కింద నుంచి పైకి పట్టుకుంటాయి. ఆ రిమ్ముకు పక్కల చదునుగా ఉండదు, కాబట్టి దానికి వేరే రకం బ్రేకు పెట్టాలన్నా కుదరదు, రిమ్మే మార్చాలి. రిమ్ము ఇనుముది, మీద నికెల్ పూత. ఎండలో ఎలాగోలా ఆగుతుంది గానీ వానలో తడిస్తే రబ్బరు జారిపోతుంది. తొక్కే వేగంలో కాలు నేల మీద పెట్టి ఆపుకుంటాం. 25 కిలోమీటర్ల వేగంలో కాలు పెడితే కాలే పోతుంది.

రెండో కష్టం స్పోకులది. ఆ సైకిళ్ళలో పాతకాలం లెక్క ప్రకారం ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 స్పోకులుంటాయి. చక్రం మధ్యలో బిగించే హబ్ మోటార్లకు సాధారణంగా 36 రంధ్రాలుంటాయి. 36 రంధ్రాల మోటారును 32 రంధ్రాల రిమ్ముకు గానీ, 40 రంధ్రాల రిమ్ముకు గానీ అల్లలేం. ఈ చిన్న సంగతి తెలియక మోటారు కొని తెచ్చి తల పట్టుకునేవాళ్ళు మా షాపుకు వస్తూనే ఉంటారు. మూడో కష్టం ముందు ఫోర్కుది. ఇరుసు కూర్చునే గాడి సన్నగా ఉంటుంది. మోటారు ఇరుసు లావు. అది పట్టాలంటే గాడిని ఆకురాయితో అరగదీయాలి. ఎంత అరగదీస్తే ఫోర్కు అంత బలహీనం.

ఇంకో కారణం కూడా ఉంది, అది స్పానరుకు అందేది కాదు. మన తాతల కాలంలో చాలా ఊళ్ళలో దొర గడీ ముందు, పెద్ద కులాల వీధిలో మనవాళ్ళు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాల్సి వచ్చేది. చెప్పులు చేతిలో పట్టుకున్నట్టే సైకిలునూ పట్టుకుని నడిచేవాళ్ళు. ఆ వీధిలో దిగకుండా తొక్కుకుంటూ పోగలగడం మన పెద్దలు పోట్లాడి సంపాదించుకున్న గౌరవం. కూలి డబ్బుల్లో కూడబెట్టి కొన్న ఆ సైకిలు ఇప్పటికీ చాలా ఇళ్ళలో రోజుకూలికి వెళ్ళే దారి. 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న, అదీ ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజునే, ఉత్పత్తి ఆగిపోయింది. అలాంటి పాత సైకిలు మంచి స్థితిలో ఉంటే నూనె పోసి, గోళీలు మార్చి, నాన్నకే ఉంచండి. మన ప్రయోగానికి దాన్ని కోయకండి. ప్రయోగం చెడితే మరునాడు పొద్దున ఆయన పనికి నడిచి వెళ్ళాలి.

రెండోది చెల్లెలి సైకిలు. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. అవి ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. సెలవుల్లో ఇంటికెళ్ళిన అన్నయ్య చూపు దాని మీద పడుతుంది. ఇది వద్దని గట్టిగా చెబుతున్నాం. ముందు యంత్రం సంగతి. లేడీస్ సైకిలుకు పైన అడ్డ గొట్టం ఉండదు. ఫ్రేము మధ్యలో బ్యాటరీ పెట్టే చోటు ఉండదు, క్యారియర్ మీద పెట్టాల్సి వస్తుంది, అప్పుడు బరువంతా వెనక్కీ పైకీ పోయి సైకిలు ఊగుతుంది. అడ్డ గొట్టం లేని ఫ్రేము మోటారు లాగుడుకు మెలిపడుతుంది కూడా.

ఇక మనిషి సంగతి. బీహార్‌లో 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళ పథకం మొదలైంది. దాని మీద కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తల అధ్యయనం 2017లో అచ్చయింది. ఆ సైకిళ్ళ వల్ల తగిన వయసులో హైస్కూల్లో చేరిన ఆడపిల్లలు 32 శాతం పెరిగారని అందులో తేలింది. ఒక మామూలు సైకిలు ఒక పిల్ల చదువును నిలబెడుతుందని ఇంతకంటే రుజువు ఏం కావాలి? అలాంటి సైకిలు చక్రం విప్పి నెల రోజులు వరండాలో పడేస్తే ఆగిపోయేది మన ప్రయోగం కాదు, ఆ పిల్ల బడి. చెల్లెలే స్వయంగా మోటారు బిగించుకుంటానంటే అది వేరే మాట. సంతోషంగా నేర్పుదాం. కానీ అప్పుడు కూడా ఈ వ్యాసంలో చెప్పిన కొలతలకు తగిన వేరే సైకిలే చూడమంటాం.

మూడోది ఫ్యాషన్ సైకిలు. లావుపాటి గొట్టాలు, ముందూ వెనుకా షాక్ అబ్జార్బర్లు, మెరిసే స్టిక్కర్లు, ఇరవై ఒక్క గేర్లు. చూడ్డానికి బండిలా ఉంటుంది కాబట్టి మోటారు కూడా దీనికే అందంగా ఉంటుందనుకుంటారు. తక్కువ ధరలో వచ్చే ఈ రకంలో వెనుక షాకు ఉన్న సైకిలు అసలు వద్దు. ఫ్రేము మధ్యలో షాకు కూర్చుంటుంది, బ్యాటరీకి చోటుండదు. వెనుక భాగం ఒక బోల్టు మీద ఊగుతూ ఉంటుంది. ఆ బోల్టు కాస్త అరిగితే వెనుక చక్రం ఒక దారి, ముందు చక్రం ఒక దారి. ముందు షాకు ఉన్న ఫోర్కులో హబ్ మోటారు బిగించడం ఇంకా ప్రమాదం. వాటిలో చాలావాటికి కింది కాళ్ళు అల్యూమినియంలాంటి తేలిక లోహంతో పోతపోసి ఉంటాయి. మోటారు తిరిగేటప్పుడు దాని ఇరుసు ఎదురు దిశలో తిరగాలని చూస్తుంది. ఆ బలానికి ఉక్కు వంగుతుంది, వంగడం మన కంటికి కనిపిస్తుంది. పోత లోహం మాత్రం చెప్పకుండా పగులుతుంది. ముందు చక్రం ఊడితే మనిషి పడేది ముఖం మీదే.

మరి ఏ సైకిలు? మా సలహా చాలా సాదా. 26 అంగుళాల చక్రాలున్న, ఉక్కు ఫ్రేము, షాకులు లేని గట్టి ఉక్కు ఫోర్కు, పైన అడ్డ గొట్టం, రిమ్ముకు 36 రంధ్రాలు ఉన్న మామూలు ఎంటీబీ రకం సైకిలు. గేర్లు లేకపోతే ఇంకా మంచిది, చెడిపోయే వస్తువు ఒకటి తగ్గుతుంది. ఈ సైజు రిమ్ము, టైరు, ట్యూబు, స్పోకులు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. రిమ్ము అల్యూమినియందైతే తడిసినా బ్రేకు కొంత పడుతుంది. కాబట్టి ఇనుప రిమ్ము ఉంటే కనీసం ముందుదైనా మార్పించండి. బ్రేకు వి బ్రేకు కావాలి, ముందూ వెనుకా రెండూ పనిచేయాలి. డిస్కు బ్రేకు సైకిలైతే, మోటారు మీద డిస్కు బిగించే చోటుందో లేదో కొనకముందే అడగండి. టైరు వెడల్పు రెండు అంగుళాల దగ్గర ఉంటే గుంతల దారిలో స్పోకులు బతుకుతాయి.

మోటారు వెనుక చక్రానికే పెట్టమంటాం. వెనుక ఇరుసు కూర్చునే ఉక్కు పలకలు ముందు ఫోర్కు కొనల కంటే మందంగా ఉంటాయి. అయితే కొలత తీసుకోవాలి. వెనుక హబ్ మోటార్లు సాధారణంగా 135 మిల్లీమీటర్ల సందుకు తయారవుతాయి. గేర్లు లేని సైకిళ్ళలో ఈ సందు అంతకంటే తక్కువ. ఉక్కు ఫ్రేమైతే కాస్త విప్పార్చవచ్చు, అది కూడా తెలిసిన మేస్త్రీ చేత. అల్యూమినియం ఫ్రేమును అలా విప్పార్చకూడదు. ఏ ఫ్రేమైనా సరే, ఇరుసు తిరగకుండా పట్టుకునే ఉక్కు పట్టీని తప్పకుండా బిగించాలి. దుకాణంలో దాన్ని టార్క్ ఆర్మ్ అంటారు. కిట్టులో అన్నిటికంటే చవకైన వస్తువు అదే, ప్రాణం కాపాడేదీ అదే. కిట్టులో లేకపోతే వేరే కొనండి.

కొత్త సైకిలు కొనే స్తోమత అందరికీ ఉండదని మాకు తెలుసు. పాతది కొనండి, తప్పులేదు. కానీ కొనేముందు ఒక గంట దాని దగ్గర కూర్చోండి. మేము చేసే పరీక్షలు ఇవి.

ఒకటి, తుప్పు. సైకిలును తలకిందులు చేసి పెడలు ఇరుసు కింది భాగం, ఫోర్కు మెడ, వెనుక గొట్టాలు కలిసే చోట్లు వేలితో తడమండి. రంగు పొక్కులు లేచి ఉంటే స్క్రూడ్రైవర్‌తో గీకి చూడండి. వెల్డింగు అతుకు ఎక్కడ కనిపించినా ఆ సైకిలు వదిలేయండి. కొత్త రంగు వేసి ఉంటే మరింత అనుమానించండి.

రెండు, దారం. వెనుక ఇరుసు ఒక వైపు నుంచి దారం కట్టి, హ్యాండిల్ కింది గొట్టం ముందు నుంచి తిప్పి, ఇరుసు రెండో వైపుకు లాగి కట్టండి. మధ్యలో సీటు గొట్టానికీ దారానికీ ఉన్న దూరం రెండు వైపులా స్కేలుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము సూటిగా ఉన్నట్టు. తేడా ఎక్కువుంటే ఎప్పుడో ఎక్కడో గుద్దుకున్న సైకిలది.

మూడు, ఊగుడు. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద టకటకమంటే కప్పులు, గోళీలు అరిగాయి. అవి మార్పించాకే మిగతా పని. చక్రాలు తిప్పి బెండు చూడండి. స్పోకులు రెండు రెండు కలిపి నొక్కి చూడండి, వదులుగా ఉండకూడదు.

నాలుగు, నీళ్ళు. రెండు రిమ్ముల మీదా చెంబెడు నీళ్ళు పోసి, సైకిలెక్కి వేగంగా తొక్కి బ్రేకు వేయండి. ఎండలో వేసి చూసే బ్రేకు అబద్ధం చెబుతుంది, తడి బ్రేకు నిజం చెబుతుంది. ఈ ఒక్క పరీక్షలో ఓడిన సైకిలుకు మిగతా అన్ని మార్కులూ వచ్చినా మోటారు అర్హత లేదు.

ఐదు, మన ఎత్తు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల మునివేళ్ళు నేలకు ఆనాలి. మోటారు సైకిలు ఆగినప్పుడు బరువు తొక్కుడు సైకిలు కంటే ఎక్కువ, కాలందకపోతే పక్కకు పడేస్తుంది.

ఇక బ్యాటరీనా, పెట్రోలా అన్న మాట. పెట్రోలు ఇంజను శబ్దం మీద మోజు చాలామందికి ఉంటుంది. మందు కొట్టే పంపు ఇంజను పెడతామనేవాళ్ళూ ఉన్నారు. చట్టం తెలుసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, నాలుగు కంటే తక్కువ చక్రాలుండి ఇంజను 25 సీసీ దాటని వాహనం మోటారు వాహనం కిందికి రాదు. 25 సీసీ దాటితే అది మోటారు వాహనమే, దానికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లైసెన్సు అన్నీ కావాలి. సైకిలుకని అమ్మే ఇంజను కిట్లు ఎక్కువగా 48, 49 సీసీ ఉంటాయి, కొన్ని ఇంకా పెద్దవి. 16 ఏళ్ళు నిండనివాళ్ళకు అలాంటి బండికి లైసెన్సే రాదు. మైనరు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి గానీ, బండి యజమానికి గానీ 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు పడేలా 2019లో చట్టం సవరించారు. మన ముచ్చటకు కూలిపని చేసే నాన్న స్టేషను మెట్లెక్కాలా?

విద్యుత్ సైకిలుకు దారి వేరు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, వేగం 25 కిలోమీటర్లకు చేరగానే మోటారు తోడ్పాటు ఆగిపోయే సైకిలును మోటారు వాహనంగా లెక్కించరు. అయితే సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. ఆ నమూనాను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదించి ఉండాలి. కాబట్టి కిట్టు కొనేటప్పుడు ఆమోద పత్రం అడగండి. 500, 1000 వాట్ల మోటారు చవకగా వస్తుందని ఎవరైనా చెబితే ఆశపడకండి. చట్టం ఇక్కడ కూడా మొదట బ్రేకు మాటే మాట్లాడుతోందని గమనించండి.

ఖర్చు లెక్క కూడా చెబుతాం. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 360 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. మనమూ కొంత తొక్కుతూ పోతే కిలోమీటరుకు 12 వాట్ అవర్లు చాలు, అంటే 30 కిలోమీటర్లు. ఒకసారి చార్జింగుకు పట్టే కరెంటు అర యూనిటు కూడా కాదు. కాలేజీకి వెళ్ళి రావడానికి ఇది చాలు. ఇంతకంటే పెద్ద బ్యాటరీ పెడితే బరువూ ధరా పెరుగుతాయి.

బ్యాటరీ విషయంలో హాస్టల్ వాళ్ళుగా మనకు ప్రత్యేక బాధ్యత ఉంది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉంచిన షోరూములో మంటలు లేచి, పొగ పైన ఉన్న లాడ్జిలోకి పాకి 8 మంది చనిపోయారు. మన గదుల్లో పరుపులు, ట్రంకులు, ఆరేసిన బట్టలు, ఒకే తలుపు. నిద్రపోయే గదిలో, అందులోనూ రాత్రిపూట, బ్యాటరీ చార్జింగు పెట్టవద్దు. ఇది కూడా సైకిలు ఎంపికతో ముడిపడిన సంగతే. ఫ్రేము మధ్యలో తాళంతో బిగించి, కావాలంటే ఊడదీసి తీసుకెళ్ళే బ్యాటరీకి చోటున్న సైకిలైతే, వార్డెన్ గారి అనుమతితో పగలు, బయట వరండాలో, మనుషులు చూస్తుండగా చార్జింగు పెట్టుకోవచ్చు. అందుకే అడ్డ గొట్టం ఉన్న ఫ్రేము అని అంతగా చెప్పాం.

మా మాటకు వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. "ఇన్ని షరతులు పెడితే పేదవాడు మోటారు బిగించలేడు, ఇవన్నీ డబ్బున్నవాళ్ళ మాటలు" అని ఒక తమ్ముడు మా ముఖం మీదే అన్నాడు. అతని కోపంలో న్యాయం ఉంది. డబ్బున్నవాడు కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రిక్ సైకిలు కొనుక్కుంటాడు, దాని బ్రేకులు ఎవరో ఇంజనీరు ముందే పరీక్షించి ఉంటాడు. మనకా వసతి లేదు. కాబట్టి ఆ పరీక్ష మనమే చేసుకోవాలి. పేదవాడికి చెయ్యి విరిగితే పరీక్ష పోతుంది, కూలి పోతుంది, ఇంట్లో అప్పు మొదలవుతుంది. జాగ్రత్త మనకు డబ్బున్నవాడి కంటే ఎక్కువ అవసరం. కిట్టుకు పెట్టే ప్రతి రెండు రూపాయలకు సైకిలుకు ఒక రూపాయి పెట్టమని మా లెక్క. డబ్బు చాలకపోతే మోటారు ఆరు నెలలు వాయిదా వేయండి. మంచి సైకిలు ఆ ఆరు నెలలూ తొక్కుకోవడానికి పనికొస్తుంది. సైకిలు లేని మోటారు అట్టపెట్టెలో పడుంటుంది.

"పాత మోపెడ్ కొంటే పోలా?" అని ఇంకొందరు. కొనుక్కోవచ్చు, 18 నిండి, లైసెన్సు, ఇన్సూరెన్సు, పెట్రోలు భరించగలిగితే. కానీ బ్యాటరీ అయిపోయినా తొక్కుకుంటూ ఇంటికి చేరగలిగేది సైకిలొక్కటే. అందుకే మోటారు లేకుండా కూడా తేలిగ్గా తొక్కగలిగే సైకిలునే ఎంచుకోమంటున్నాం. మోటారు ఆగిన రోజు మన కాళ్ళతో నడవని సైకిలు మనకెందుకు?

చివరగా ఒక ప్రతిపాదన. ప్రతి ఒక్కరూ విడివిడిగా డబ్బు పెట్టే బదులు, హాస్టల్ విద్యార్థులంతా కలిసి మొదట ఒక్క సైకిలు తయారుచేయండి. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటాం. పనిముట్లు తెస్తాం, రెండు ఆదివారాలు వచ్చి దగ్గర కూర్చుంటాం. ఎవరికైనా రాత్రి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి, దూరపు కాలేజీ తమ్ముళ్ళు వంతులవారీగా వాడుకోవడానికి అది పనికొస్తుంది. ఒక్కదాన్ని విప్పి బిగించిన చేతులు రేపు పది తయారుచేస్తాయి. మండల కేంద్రంలో ఈ పని తెలిసిన షాపు ఒకటుంటే అది ఒక కుటుంబానికి అన్నం పెడుతుంది.

ఆ రెండు ఆదివారాల్లో మొదటి ఆదివారం మోటారు పెట్టె తెరవం. ముందే చెబుతున్నాం. ఆ రోజంతా దారం, స్కేలు, ఒక చెంబెడు నీళ్ళు, సైకిలు. అంతే. వచ్చేటప్పుడు పాత బట్టలు వేసుకుని రండి.